నల్లగొండ మీటర్ల షాపు: ముల్లు ఊగుతుంటే కొత్త మీటరు కొనకముందే ఇక్కడ చూపించండి

పాత బండి కొన్న చాలామందికి ఉండే బాధే ఇది. ఇంజిన్ బాగుంటుంది, మైలేజీ వస్తుంది, బ్రేకు పడుతుంది, కానీ స్పీడోమీటర్ ముల్లు మాత్రం దాని ఇష్టం. నలభైలో పోతుంటే ముప్పైకి పడిపోతుంది, అంతలోనే అరవై మీదికి ఎగురుతుంది, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నలభై దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఎవరికి చూపించినా బండి ఆగి ఉండగానే అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి "మీటరు పోయింది, మార్చాలె" అంటారు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక సందులో మీటర్ల పని మాత్రమే చేసే చిన్న షాపు ఉంది, దాని గురించే ఈ రివ్యూ. నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది ఎందుకు ఆపానో కూడా చెప్తా.

షాపుకి పేరు బోర్డు లేదు, షట్టర్ మీద "ఇక్కడ అన్ని రకాల మీటర్లు రిపేరు చేయబడును" అని పెయింటుతో రాసి ఉంటుంది, షట్టర్ పైకెత్తితే ఆ రాత కూడా కనపడదు. లోపల ఒక మనిషి కూర్చుని, ఇంకొకరు నిలబడేంత జాగా. గోడకి పాత చేతక్, రాజ్‌దూత్ కాలం మీటర్ల నుంచి మొన్నటి డిజిటల్ వాటి దాకా వేలాడుతుంటాయి, కొన్నింటికి అద్దాలుండవు, కొన్నింటికి ముల్లుండదు. నడిపే ఆయనకి అరవై దగ్గర ఉంటాయి, అందరూ భాయ్ అనే పిలుస్తారు. మాట తక్కువ. అడిగిన దానికి జవాబు చెప్పకుండా తిరిగి మనల్నే ఇంకో ప్రశ్న అడుగుతారు, మొదట్లో కొంచెం చిరాకు పుడుతుంది.

నాది వంద సీసీ బండి, నంబరు ఏపీ 24తో మొదలవుతుంది, అంటే తెలంగాణ రాకముందు రిజిస్టరైన బండన్నమాట. ఒక ఆటో కన్సల్టెన్సీలో తీసుకున్నా. ముల్లు ఊగుతున్న సంగతి ట్రయల్ వేసినప్పుడే అడిగితే "అది చిన్న ప్రాబ్లం సార్, కేబుల్‌కి ఇంత గ్రీజు పెడితే అయిపోతది" అన్నారు. నేను విత్తనాల కంపెనీలో ఫీల్డ్ పని చేస్తా. తిప్పర్తి, కనగల్, నిడమనూరు, హాలియా, రోజూ ఆ చుట్టుపక్కలే తిరుగుడు. పొద్దున ఒక ఫోటో, సాయంత్రం ఒక ఫోటో మీటరుకి తీసి పంపితే ఆ కిలోమీటర్ల లెక్కన పెట్రోలు డబ్బులు వస్తాయి. కాబట్టి నాకు మీటరంటే అలంకారం కాదు. దానికితోడు అద్దంకి హైవే మీద ఎక్కడ స్పీడు గన్ను పెడతారో తెలియదు, ముల్లు నలభైకీ అరవైకీ మధ్య డాన్సు చేస్తుంటే మనం ఎంతలో పోతున్నామో మనకే తెలియక టెన్షన్.

కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిన గ్రీజు పని రోడ్డు పక్క మెకానిక్ దగ్గర చేయించా. ఆయన పైన కేబుల్ విప్పి, గ్రీజు కూరి, ఆ మీద ఇంజిన్ ఆయిల్ కూడా కొంచెం పోశాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ముల్లు ఊగడం తగ్గి ఇంకో రోగం మొదలైంది, స్పీడు తగ్గించినా కిందికి దిగదు, ఎనభై దగ్గర బద్ధకంగా కూర్చుంటుంది. అప్పుడు పట్టణంలో ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే, బండి స్టాండు వేయకుండానే, మీటరు అసెంబ్లీ మొత్తం మార్చాలి, పద్నాలుగు వందలు అవుతుంది అన్నారు. కేబుల్ చూశారా అని అడిగితే "మీటరు మారిస్తే అన్నీ సెట్ అయితయి" అని సమాధానం. మీటరు మారిస్తే కిలోమీటర్లు సున్నా నుంచి మొదలవుతాయి, మా ఆఫీసులో దానికి ఇంకో లెటర్ పెట్టాలి. ఆ లెటర్ బద్ధకమే నన్ను ఈ షాపు దాకా తెచ్చింది, ఒక విత్తనాల డీలరు చెప్పారు ఇక్కడికి పొమ్మని.

ఇప్పుడు భాయ్ ఎలా చూశారో చెప్తా. పానా పట్టుకోకముందు ఆయన అడిగినవి ఇవి: "ముల్లు ఊగుతుందా, అసలే లేస్తలేదా? కిలోమీటర్లు తిరుగుతున్నయా? హ్యాండిల్ మలిపితే ఏమన్న ఫరక్ వస్తుందా? ఈ మధ్యల ముంగట చక్రం ఇప్పిన్రా?" కిలోమీటర్లు తిరుగుతున్నాయి, హ్యాండిల్ ఎడమకి తిప్పినప్పుడు ముల్లు ఎక్కువ ఎగురుతుంది, ముందు చక్రం పంక్చర్ కోసం విప్పారు అని చెప్పా. ఆయన తల ఊపి, "మీటరు మంచిగనే ఉండొచ్చు తమ్మీ, దానికి పోయే తిరుగుడే సక్కగ పోతలేదు" అన్నారు. చూడకుండానే అలా ఎలా చెప్పారా అనుకున్నా. తర్వాత ఆయనే చెప్పారు, దాన్ని నా మాటల్లో రాస్తున్నా, ఎందుకంటే ఇది తెలిస్తే ఎవరూ మిమ్మల్ని ఊరికే మీటరు మార్పించలేరు.

కేబుల్ మీటరున్న బండిలో ముందు చక్రం హబ్బులో, అంటే చక్రం నడిమి డబ్బాలో, ఒక గేరు ఉంటుంది, చక్రంతో పాటు తిరుగుతుంది. దానికి ఆనుకున్న పినియన్ అనే చిన్న పళ్ళచక్రం కేబుల్ లోపలి తీగని తిప్పుతుంది. ఆ తీగ ఫోర్కు పక్క నుంచి పైకొచ్చి మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం మీద పల్చటి అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది, ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది, రెండూ ఒకదానికొకటి తగలవు. అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో కరెంటు పుట్టి గిన్నె కూడా అటే తిరగబోతుంది, ఒక సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఈ రెండు బలాలు సమానమైన చోట ముల్లు ఆగుతుంది. జర్మనీ ఇంజినీరు ఓట్టో షుల్జే 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది, మన వంద సీసీ బండ్లలో మొన్నమొన్నటి దాకా అదే నడిచింది. కిలోమీటర్ల అంకెలది వేరే దారి. అవి అదే తిరుగుడుతో పళ్ళచక్రాల మీదుగా నేరుగా తిరుగుతాయి, మధ్యలో జారడం ఉండదు.

అందుకే ఆయన ముందు కిలోమీటర్ల సంగతి అడిగారు. లోపలి తీగ ఎక్కడో పట్టేసి, ఒక్కసారిగా వదిలి, మళ్ళీ పట్టేసి వదులుతుంటే, మొత్తం చుట్లు మాత్రం అన్నే ఉంటాయి, కాబట్టి కిలోమీటర్లు సరిగ్గానే పడతాయి. ముల్లు ఆ క్షణంలో తీగ ఎంత జోరుగా తిరిగిందో అంతే చూపిస్తుంది కాబట్టి ఎగిరి పడుతుంది. కిలోమీటర్లూ ముల్లూ రెండూ చచ్చిపోతే తీగ తెగిందనో, కింద పినియన్ పళ్ళు అరిగాయనో చూడాలి. కిలోమీటర్లు తిరుగుతూ ముల్లు మాత్రమే లేవకపోతే అప్పుడు మీటరు లోపలి తప్పు. ముల్లు బాగుండి అంకెలు ఆగిపోతే అంకెల వైపు పళ్ళచక్రం విరిగినట్టు, అది కూడా మీటరు పనే. నా కేసులో ముల్లు ఎనభై దగ్గర కూర్చోవడానికి కారణం వేరు, దాని దగ్గరికి వస్తా.

ప్రశ్నలయ్యాక ఆయన బండికి మెయిన్ స్టాండు వేసి, ఇంజిన్ కింద ఒక కట్టెముక్క పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపారు. హెడ్‌లైట్ డూమ్ విప్పి మీటరు దగ్గర కేబుల్ నట్టు ఊడదీశారు, లోపలి తీగ కొస చిన్నగా పలకలుగా బయటికి కనపడుతుంది. నన్ను చక్రం మెల్లగా తిప్పమన్నారు, ఆగకుండా ఒకే తీరుగా. నేను ఒకే తీరుగా తిప్పుతున్నా ఆ కొస మాత్రం ఆగి, ఉలిక్కిపడినట్టు సగం చుట్టు తిరిగి, మళ్ళీ ఆగుతోంది. అది చూడగానే సగం అర్థమైంది, మీటరు అప్పటికి కేబుల్‌కి తగిలించే లేదు కదా, ఊగుడు మాత్రం అక్కడే కళ్ళ ముందు ఉంది.

తర్వాత కింద హబ్బు దగ్గర కూడా విప్పి తీగ మొత్తం బయటికి లాగారు. గుడ్డతో తుడిచి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, మధ్య భాగం వేలాడేలా వదిలి, ఒక కొసని బొటనవేలు చూపుడువేలు మధ్య మెల్లగా దొర్లించారు. తీగ బాగుంటే రెండో కొస కూడా అదే లెక్కన నున్నగా దొర్లాలి. నాది ఒక చోటికి రాగానే పక్కకి తన్నుకుంటోంది, చేతిలో పెట్టి నన్నూ చేయమన్నారు, వేళ్ళకి ఆ కుదుపు స్పష్టంగా తెలిసింది. కన్నుతో చూస్తే వంకర దాదాపు కనపడదు. ఆ వంకర పడిన చోటు ఔటర్ మీద, అంటే తీగ పైన ఉండే తొడుగు మీద, కొలిచి చూపించారు, సరిగ్గా హెడ్‌లైట్ కింద, ఫోర్కుని హ్యాండిల్‌కి కలిపే టీ దగ్గర. కేబుల్ ఫోర్కుకున్న తీగ క్లిప్పు లోపల నుంచి పోవాల్సింది, ఎవరో ఎప్పుడో బయట నుంచి వేసి, వైర్ల గుత్తితో కలిపి ట్యాగుతో బిగించారు. హ్యాండిల్ ఎడమకి మలిపిన ప్రతిసారీ అది అక్కడ మడత పడుతోంది. ముల్లు ఎడమ మలుపులో ఎందుకు ఎక్కువ ఎగురుతుందో దానితో తేలిపోయింది.

ఇక్కడితో ఆగి కేబుల్ మార్చి పంపిస్తే మామూలు మెకానిక్ అయ్యేవారు. ఆయన చక్రం కూడా విప్పారు. పంక్చర్ షాపులో చక్రం తిరిగి బిగించేటప్పుడు హబ్బులోని గేరు రింగుకున్న చెవులు చక్రం గాడుల్లో సరిగ్గా కూర్చోవాలి, కూర్చోబెట్టకుండా యాక్సిల్ బిగిస్తే ఆ చెవులు నలిగిపోతాయి. నా బండిలో ఒక చెవి వంగి ఉంది, ఇంకా పనిచేస్తోంది కానీ ఎంతకాలమో చెప్పలేం. పైగా దుమ్ము రాకుండా ఆపే రబ్బరు సీలు లేనే లేదు. మనవైపు వరి నాట్ల సీజన్లో ట్రాక్టర్ల కేజీ వీల్స్ నుంచి రోడ్డు మీద పడ్డ బురదలోంచే పోతాం కదా, ఆ మట్టి మొత్తం గ్రీజులో కలిసి నల్లటి ముద్దయిపోయి ఉంది. గోరుతో గీసి చూపించారు, లోపల ఇసుక మెరుస్తోంది. పినియన్ పళ్ళు ఒకవైపు పదునెక్కాయి. పంక్చర్ వేయించుకున్న తర్వాత మీటరు ఆగిపోయిందని, ఊగుతోందని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారట, అందరిదీ ఈ చెవుల కథేనట.

మీటరుని చివరికి చూశారు. దాన్ని విప్పకుండా, పాత కేబుల్ ముక్క ఒకటి చిన్న చార్జింగ్ డ్రిల్లుకి బిగించి, రెండో కొస మీటరు వెనక దూర్చి మెల్లగా తిప్పారు. తిప్పే దిక్కు కూడా చూసుకోవాలట, చక్రం ఎటు తిప్పుతుందో అటే. డ్రిల్లు ఒకే స్పీడులో ఉంటే ముల్లు ముప్పై ఐదు దగ్గర కదలకుండా నిలబడింది, ఊగుడు లేదు. కానీ డ్రిల్లు ఆపితే ముల్లు సున్నాకి రాలేదు, పది దగ్గర ఆగి మెల్లమెల్లగా దిగింది. అదీ రోడ్డు పక్క పోసిన ఆయిల్ మహిమ. తీగ తిరుగుతుంటే గ్రీజూ ఆయిలూ దాంతోపాటు మెలికలెక్కి పైకి పాకి మీటరులోకి చేరతాయి. అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య గాలి మాత్రమే ఉండాల్సిన సందులో జిడ్డు చేరితే గిన్నెని అదే లాక్కుపోతుంది, స్ప్రింగు వెనక్కి లాగలేదు. అందుకే కేబుల్‌కి పైనుంచి ఆయిల్ పోయకూడదు, తీగకి పల్చగా గ్రీజు రాసి, పై కొస దగ్గర జానెడు పొడవు పొడిగా వదిలేయాలి. ఇంత చిన్న మాట నాకు ఇంతకుముందు ఏ సర్వీసులోనూ ఎవరూ చెప్పలేదు.

మీటరు అంచు రేకు మడత విప్పి, లోపల శుభ్రం చేసి, మళ్ళీ మడిచారు. ఈ పనికి ఓపిక కావాలి, నేను పక్కన నిలబడి చూశా, ముల్లుని మాత్రం వేలితో ముట్టుకోలేదు ఆయన, ముట్టుకుంటే సున్నా జరిగిపోతుందట. అద్దం కింద చిన్న గీత పడింది రేకు మడిచేటప్పుడు. అది నాకు కొంచెం బాధ, ఆయనకి అసలు పట్టలేదు, "పాత బండే గదా" అన్నారు.

ఖర్చు చెప్తా. కేబుల్ నూట ఎనభై, పినియన్, గేరు రింగు, సీలు కలిపి నూట డెబ్బై, పని మూడు వందలు. మొత్తం ఆరు వందల యాభై. కేబుల్ ఆయన దగ్గర లోకల్‌ది ఉంది, కంపెనీది కావాలంటే నువ్వే తెచ్చుకో, వేసిస్తా అన్నారు. బయట తెచ్చుకున్న సామాను వేయమంటే మొహం మాడ్చుకునే మెకానిక్‌లనే చూశా, ఈయన అలా కాదు. తీసేసిన పాత సామాను మొత్తం ఒక కవర్లో వేసి చేతికిచ్చారు, అడగకుండానే.

బాగైందో లేదో తెలుసుకోవడానికి నేను నార్కట్‌పల్లి వైపు తీసుకెళ్ళా. చెర్వుగట్టు దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది, పొద్దున్నే అయితే ట్రాఫిక్ కూడా తక్కువ. ఫోన్లో జీపీఎస్ స్పీడు పెట్టి, ఫోన్ హ్యాండిల్‌కి బిగించి, ఒకే స్పీడులో కొంతసేపు పట్టి చూశా. స్పీడు పెంచేటప్పుడూ తగ్గించేటప్పుడూ ఫోను వెనకబడుతుంది, దాన్ని పట్టించుకోకూడదు, నిలకడగా పోయినప్పుడే పోల్చాలి. మీటరు యాభై ఉంటే ఫోను నలభై ఆరు, నలభై ఏడు చూపించింది. ఇది తప్పు కాదు. కంపెనీలు మీటర్లని నిజం స్పీడుకంటే కొంచెం ఎక్కువ చూపించేటట్టే చేస్తాయి, తక్కువ చూపించకూడదని చాలా దేశాల్లో రూలే ఉంది. ఫోను లేకపోతే భాయ్ చెప్పిన పాత పద్ధతి ఉంది, హైవే కిలోమీటర్ రాళ్ళ మధ్య టైము చూసుకోవడం, నిజంగా అరవైలో పోతే ఒక కిలోమీటరుకి సరిగ్గా నిమిషం, నలభైలో అయితే తొంభై సెకన్లు. మీటరు మీద కిలోమీటర్ల చివరి అంకె కూడా రాయికీ రాయికీ ఒకటి చొప్పున మారిందా అని అప్పుడే చూసుకోవచ్చు. నాది మారింది. ఎడమ మలుపుల్లోనూ ముల్లు కదల్లేదు.

టైరు మారిస్తే మీటరు చెడిపోతుందంటారు, దాని మీద కూడా అడిగా. మా లాంటి బండికి 2.75-18 టైరు వస్తుంది, కొందరు గట్టిగా ఉంటుందని 3.00-18 వేయిస్తారు. అలా వేస్తే చక్రం దాదాపు రెండు శాతం పెద్దదవుతుంది, అంటే అరవై దగ్గర ఒకటి తక్కువ చూపిస్తుంది. ఊగడానికీ దానికీ సంబంధం లేదు.

డిజిటల్ మీటర్ల సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. మా మిర్యాలగూడ సహోద్యోగి బండి నూట యాభై సీసీ, మీటరు డిజిటల్, కేబుల్ ఉండదు, గేర్‌బాక్సు దగ్గర ముందు స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ళచక్రం) పక్కన సెన్సారుంటుంది. హఠాత్తుగా సున్నా చూపించి మళ్ళీ యాభై ఎనిమిది వచ్చేది. షోరూం కాని ఇంకో చోట మీటరు బోర్డు పోయిందని ఐదు వేలకి పైగా చెప్పారట. నేనే ఇక్కడికి పంపా. భాయ్ మెయిన్ స్టాండు వేసి, గేరులో పెట్టి వెనక చక్రం తిరుగుతుండగా (సెన్సారు గేర్‌బాక్సు దగ్గర ఉంది కాబట్టి ముందు చక్రంతో పని లేదు) హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పారు. ఎడమ చివరికి వచ్చేసరికి సున్నా. తిన్నగా పెడితే మళ్ళీ అంకె. స్టీరింగ్ మెడ దగ్గర వైర్ల గుత్తి విప్పి, మల్టీమీటర్ బీప్ పెట్టి ఒక్కో వైరు వంచి చూస్తే, ఒక వైరు పైన ప్లాస్టిక్ బాగానే ఉంది, లోపల రాగి తెగి ఉంది. సోల్డర్ పెట్టి, స్లీవ్ వేడిచేసి ఎక్కించి, హ్యాండిల్ తిరగడానికి వైరు కొంచెం వదులుగా ఉండేటట్టు కట్టారు. రెండు వందల యాభై తీసుకున్నారు.

అదే బండికి చైన్ సెట్ మార్చినప్పుడు ముందు స్ప్రాకెట్ పదిహేను పళ్ళ బదులు పద్నాలుగు పళ్ళది వేసినా అంకె తప్పొస్తుందట, ఏడు శాతం ఎక్కువ, కానీ నిలకడగా ఎక్కువ. ఊగితే వైరో, కనెక్టరో, బ్యాటరీయో. నిలకడగా తప్పు చూపిస్తే లెక్క ఎక్కడో మారినట్టు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పని అయిపోతుందని ఆయన అభిప్రాయం, నాకూ అదే నిజమనిపించింది.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లు మాత్రం ఆయన ముట్టుకోరు. కొన్నింటిలో చక్రం దగ్గరి ఒకే సెన్సారు ఏబీఎస్‌కీ మీటరుకీ పనికొస్తుంది, మీటరుతో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలుగుతుంటే కంపెనీ సర్వీసుకే పొమ్మంటారు. 125 సీసీ దాటిన బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు కాబట్టి మీది ఆ తర్వాతి బండైతే ముందే చూసుకుని రండి. మీటరు స్క్రీను మీద అంకెలు సగం సగం కనపడే రోగం కూడా చేయరు.

పాత బండి కొనేవాళ్ళకి ఆయన దగ్గర దొరికే ఇంకో లాభం ఉంది. నా మీటరులో కొన్నప్పుడు ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు ఉన్నాయి. మీటరు వెనక కేబుల్ దూరే చోట పట్టిన తుప్పు చూపించి, "ఇది శాన రోజులు కేబుల్ లేకుంట నడిచింది తమ్మీ, ఆ లెక్క నమ్మకు" అన్నారు. కేబుల్ తెగాక మార్చకుండా ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళు మన దగ్గర కొదవా? ఫుట్‌రెస్ట్ రబ్బరు, గేర్ రాడ్డు కొస, బ్రేక్ పెడల్ అరుగుదల చూస్తే మీటరుకంటే నిజం చెబుతాయట. నా బండి ఫుట్‌రెస్ట్ రబ్బరు మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. అంకెలు వెనక్కి తిప్పమని అమ్మేవాళ్ళు వస్తుంటారని, తాను ఆ పని చేయనని కూడా చెప్పారు, నేను ఉన్నప్పుడే ఒకాయన బండి పక్కకి తీసి గుసగుసగా అడిగితే "వేరే తాన చూసుకో" అని పంపేశారు. కొనేటప్పుడు బండి ముందు చక్రం లేపి చేత్తో తిప్పి చూడండి, అంకెల పక్కన చిన్నగా కదిలే పదో వంతు చక్రం తిరుగుతోందా అని. తిరగకపోతే బేరంలో ఆ మాట పెట్టండి.

ఇక ఐదో స్టార్ సంగతి. బిల్లు ఇవ్వరు, అడిగితే చిట్టీ మీద పెన్సిల్‌తో రాసిస్తారు, ఆఫీసులో క్లెయిమ్ చేసుకునేవాళ్ళకి అది పనికిరాదు. ముందు ఎంత అవుతుందో చెప్పరు, "ఇప్పినంక చెప్త" అంటారు. అది న్యాయమే కానీ జేబులో లెక్క చూసుకుని వచ్చేవాళ్ళకి ఇబ్బంది. ఫోన్ ఎత్తరు. కూర్చోవడానికి ఏమీ లేదు, ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడటం నల్లగొండ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పని మధ్యలో తొందరపెడితే బండి అట్లనే వదిలేసి ఇంకొకరిది పట్టుకుంటారు, ఇది నేను కళ్ళారా చూశా. పైన చెప్పిన అద్దం గీత కూడా ఇందులోనే కలపండి.

వెళ్ళేవాళ్ళు పొద్దున పదిన్నరకి ముందే పోండి, షట్టర్ తీయగానే ఖాళీగా ఉంటారు. మధ్యాహ్నం నమాజుకి, భోజనానికి మూసేస్తారు, శుక్రవారం అయితే సాయంత్రం దాకా దొరకడం కష్టం. ఫోన్‌పే ఉంది, కానీ స్కానర్ కాగితం లోపల గోడకి మీటర్ల వెనక ఉంటుంది, అడగాలి. బండి సందు లోపలి దాకా తీసుకుపోవద్దు, తిప్పుకోవడానికి జాగా ఉండదు, మూల మీది కిరాణా షాపు పక్కన పెట్టి ఆయన్ని పిలవండి, పానాలు పట్టుకుని ఆయనే వస్తారు.